అల్లుడు తెచ్చిన కట్టెలు

ఇలా దగ్గరికి జరగండి. అంత దూరాన గడప మీద కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి, మిగతా సగం కోళ్ళు ఏరుకుంటాయి. పొయ్యి పక్కకు రండి. ఎవరైనా ఒక కట్టె లోపలికి తోయండి, పొగ వస్తోంది. తోసేముందు దాన్ని ఒక్కసారి తిప్పి చూడండి. ఎందుకు చూడమన్నానో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మన ముసాసా పేట ఆసుపత్రి ఆవరణలో ముహాచా చెట్టు కింద బల్ల ఉంది కదా, దాని మీద మొదట కూర్చున్న మనిషి సెకెసాయి. పేటంతా ఆమెను అంబూయా అని పిలిచేది. అమ్మమ్మనైనా అత్తగారినైనా మనం పిలిచే పిలుపు అదే కదా. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు. బడి ముఖం నాలుగు రోజులు చూసి, పశువుల వెనక పోయిన మనిషి. కానీ ఆ బల్ల మీద ఆమె పక్కన కూర్చుని లేచినవాళ్ళకు గుండె మీది బరువు కాస్త దిగేది.

ఆలోచన ఎక్కువయ్యే జబ్బు మన పేటలో ఏ ఇంట లేదు చెప్పండి. పని పోయినవాడికి ఉంది, బిడ్డ పోయినదానికి ఉంది, కొట్టే మొగుడున్నదానికి ఉంది. ఆ జబ్బుకు డాక్టరు కావాలంటే నగరం అవతలి కొసకు పోవాలి, అక్కడా వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. పైగా ఆ పిచ్చాసుపత్రి పేరు చెబితే చాలు, ఇరుగుపొరుగు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. అందుకని మన పేట ఆసుపత్రివాళ్ళు ఒక ఆలోచన చేశారు. డాక్టరుకు చెప్పనిది జనం అవ్వకు చెబుతారు కదా అని, పేటకో పెద్దామెను పిలిచి, మనిషి మాట ఎలా వినాలో నేర్పి, చెట్టు కింద బల్ల వేసి కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుంటే ఎవరూ పిచ్చివాడనరు. అవ్వతో కబుర్లాడుతున్నాడంటారు, అంతే.

నోరు చెప్పకముందే ఒళ్ళు చెబుతుందని సెకెసాయికి నేర్పారు. తల ఎత్తరు. కళ్ళలోకి చూడరు. గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తుంది. పెట్టింది తినరు. ఏమైందంటే ఏమీ లేదంటారు. మోకాలు నొప్పి అంటూ ఒక కమ్మరి వచ్చాడట ఓసారి. ఆమె అతని మోకాలి వంక చూడనైనా చూడలేదు. "మోకాలి సంగతి లోపల నర్సమ్మ చూస్తుంది గానీ, ఆ మోకాలి మీద తల పెట్టుకుని రాత్రంతా ఎందుకు కూర్చుంటున్నావో నాకు చెప్పు" అంది. అతను బావురుమన్నాడు. అంత చూపు ఆమెది. ఆ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే అంత చూపున్న మనిషే తన ఇంటి మనిషిని చూడలేకపోయింది.

ఆ బల్లను చేసింది ఆమె అల్లుడు తిచవోన. రోడ్డు పక్కన వడ్రంగి కొట్టు అతనిది. మంచాలు, చెక్క బీరువాలు చేసేవాడు. చెయ్యి ఎంత నెమ్మదో మాట అంత నెమ్మది. సెకెసాయి ఒక్కగానొక్క కూతురు మైదేయిని చేసుకున్నాడు. మైదేయి మాత్రం గలగలా పారే వాగు. నడుస్తూ ఎడమ కాలు కొంచెం బయటికి విసిరేది, దారిలో ఎవర్నో తన్నబోతున్నట్టు.

బల్ల తెచ్చిన రోజు ఆసుపత్రి ముందు పెద్ద నవ్వులాట. సెకెసాయి దాని మీద ఒక కొసన కూర్చుంది. రెండో కొసన కూర్చుని గట్టిగా ఉందో లేదో చూడవయ్యా అన్నారు తిచవోనను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అత్తగారు కూర్చున్న బల్ల మీద అల్లుడు కూర్చుంటాడా ఎక్కడైనా? ఆమె కూర్చుంటే అతను నేల మీద ఉండాలి. ఆమె ఎదుట తల వంచాలి, గుప్పిళ్ళు బోర్లించినట్టు చేతులు కలిపి మెల్లగా తట్టి పలకరించాలి, ఆమె చూస్తుండగా తినకూడదు. చివరికి సిమెంటు బస్తా తెచ్చి రెండో కొసన పెట్టి చూపించాడు. మైదేయి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "నా మొగుడు చేసిన బల్ల మీద సిమెంటు బస్తా కూడా కూర్చుంటుంది. ఆయనకు మాత్రం ఈ జన్మలో ఆ రాత లేదు" అంది.

ఆ నవ్వు అక్కడే ఉంచి ముందుకు పోదాం.

ఆ తర్వాత వచ్చిన వానల్లో మురుగు కాలువలు పొంగి కలరా వచ్చింది. ఎవరి ఇంట ఎవరు పోయారో చెప్పను, మీకు తెలుసు. మైదేయికి తెల్లవారుతూనే వాంతులు మొదలయ్యాయి. ఆ ఉదయమే తిచవోన ఎక్కడో దూరపు ఊళ్ళో పెళ్ళివారికి బీరువా అప్పజెప్పాలి. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంబుతో పక్కన పెట్టి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమెను కలరా రోగుల కోసం వేసిన గుడారంలోకి మోసుకుపోయారు. లోపలికి అతన్ని ఒక్కణ్ణే వెళ్ళనిచ్చారు, అదీ కాసేపే. సెకెసాయి పరుగెత్తుకొచ్చేసరికి గుడారం గుడ్డ దించేశారు.

కలరాతో పోయిన మనిషిని ఇంటికి ఇవ్వరు. తల్లి చేత నీళ్ళు పోయించరు. సంచిలో మూటగట్టి, ముఖాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు తీసుకుపోయి పూడ్చేశారు. రాత్రి జాగరణ లేదు, డప్పు లేదు, పాట లేదు. ఎవరు పోయినా ఆ ఇంటి కోడళ్ళు పోయినవాళ్ళ బట్టలు కట్టుకుని, వాళ్ళలా నడిచి, వాళ్ళ గొంతుతో తిట్టి, ఏడ్చేవాళ్ళను నవ్విస్తారు కదా, ఆ నవ్వు లేకపోతే ఏడుపు గొంతులోనే అడ్డం పడుతుంది కదా. మైదేయి నడకను ఎవరూ నడవలేదు. ఆమె ముఖం తల్లి చూడలేదు.

సెకెసాయి లోపల ఒకే ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. గుడారంలో చివరగా నా బిడ్డ ఏమంది? అది తెలిసినవాడు లోకంలో ఒక్కడే, అతనేమో అల్లుడు. అల్లుణ్ణి అత్తగారు అలాంటి మాట అడగదు. అతను వచ్చి చెప్పడు. ఏదన్నా ఉంటే మధ్యవర్తి నోటి గుండా పోవాలి. ఈ మాటకు మధ్యవర్తిగా ఎవర్ని పంపుతుంది పాపం?

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ బల్ల మీదికొచ్చి కూర్చుంది. అందరి దుఃఖం వింటుంటే తనది కాస్త అణిగినట్టుండేది. శుక్రవారం శుక్రవారం తిచవోన వచ్చేవాడు. కరెంటు పోయి పేటంతా కట్టెల మీద వండుకుంటున్న రోజులవి. భుజాన చిన్న కట్టెలమోపు తెచ్చి, బల్లకు దూరంగా దించి, నేల మీద చతికిలబడేవాడు. తల వంచుకుని చేతులు తట్టేవాడు. ఎలా ఉన్నావు నాయనా అంటే, మీరు బాగుంటే నేనూ బాగున్నాను అంబూయా అనేవాడు, వినీ వినిపించనట్టు. మొక్కజొన్న పిండితో కెలికిన సద్జా ముద్దా ఆకుకూరా గిన్నెలో పెట్టి అటు జరిపితే, తినే వచ్చానమ్మా అనేవాడు. కళ్ళెత్తి చూసేవాడు కాదు. కాసేపుండి మళ్ళీ చేతులు తట్టి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయేవాడు.

చూసినవాళ్ళు ఊరికే ఉండేవారా? పెళ్ళాం పోయినా అత్తగారిని మరవని అల్లుణ్ణి ఎక్కడైనా చూశామా అనేవారు. ఈ కాలపు కుర్రాళ్ళయితే ఒక చేత్తో పలకరించి రెండో చేత్తో ఫోను చూసుకుంటారు, ఇతణ్ణి చూసి నేర్చుకోండి అని కొడుకుల్ని ఎత్తిపొడిచేవారు. సెకెసాయికి అంత దుఃఖంలోనూ గర్వంగా ఉండేది. ఆ కట్టెలు మంచి గట్టి కట్టెలు, నిమ్మళంగా మండేవి. కొట్టులో మిగిలిన ముక్కలనుకునేది. వాటి మీద సద్జా తిప్పుకుని, నా బిడ్డ ఎంపిక తప్పలేదు అనుకుంటూ తినేది.

ఇలా ఎండాకాలం దాకా గడిచింది.

ఒక శుక్రవారం చుట్టుపక్కల పేటల బల్లల అవ్వలంతా మన చెట్టు కింద చేరారు. అప్పుడప్పుడూ అలా చేరి, సంచులు అల్లుకుంటూ, తమ బరువు తాము దించుకునేవారు. వాళ్ళలో కెరెసెంజియ అని, వాగు అవతలి పేట బల్ల మీద కూర్చునే ఆమె, సెకెసాయికి చిన్ననాటి స్నేహితురాలు. పొడుం డబ్బా లేనిదే అడుగు తీసి అడుగు వెయ్యదు. సెకెసాయిని ఆమె పేరుతో పిలిచేది కాదు, చిహేరా అనేది. ఆమె పుట్టిన వంశపు ఆడవాళ్ళ పిలుపు అది, మొండితనానికి పేరు వాళ్ళు.

అంతలో తిచవోన వచ్చాడు. మోపు దించాడు. ఇంతమంది అవ్వల్ని చూసి మరింత దూరంగా, ఎండలో కూర్చున్నాడు. చేతులు తట్టాడు. గిన్నె వద్దన్నాడు. వెళ్ళిపోయాడు. అవ్వలంతా మెచ్చుకున్నారు. ఇలాంటి అల్లుణ్ణి నాకు అద్దెకిస్తావా అని ఒకామె హాస్యమాడింది. కెరెసెంజియ మాత్రం నవ్వలేదు. అల్లిక ఒళ్ళో పెట్టుకుని, అతను పోయిన దారినే చూస్తోంది.

అందరూ లేచాక మెల్లగా అంది, "చిహేరా, ఒకటి అడుగుతాను, కోప్పడకు."

"అడుగు. నేను వద్దంటే మానేదానివా?"

"అతను నీ అల్లుడు కాదనుకో. దారినపోయే ఎవడో వచ్చి ఇలాగే కూర్చున్నాడనుకో. తల ఎత్తలేదు, కళ్ళు చూపలేదు, గొంతు పైకి రాలేదు, తిండి ముట్టలేదు. ఏమనుకునేదానివి?"

సెకెసాయి అల్లుతున్న సంచి పక్కన పడేసింది. "నా అల్లుడికి మర్యాద తెలుసు" అంది.

"తెలుసు, కాదన్నానా? మరి బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు ఎందుకు పొడుచుకున్నాడు? మర్యాదకు నడుం కూడా సన్నబడుతుందా?"

కెరెసెంజియ పొడుం ఒక పట్టు పీల్చి, తుమ్మి, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. వాగు దాటి పోయేదాకా ఆమె తుమ్ములు వినిపిస్తూనే ఉన్నాయి.

సెకెసాయి మోపు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చింది. పొయ్యి దగ్గర దించబోతూ ఆగింది. రోజూ కట్టెను చూసేదెవరు, పొయ్యిలో పెడతాం గానీ. ఆ పూట ఒకటి తీసి తిప్పి చూసింది. ఒక పక్క రంపం కోత, మిగతా మూడు పక్కలా నునుపు. వార్నీషు మెరుస్తోంది. ఇది మిగిలిన ముక్క కాదు, తయారైన సామాను. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. అడుగున ఉన్నదాని మీద ఉలితో చెక్కిన బొమ్మ, గిన్నెకోడి తల, మెడ మీద చుక్కలు.

ఆ గిన్నెకోడిని ఆమె ఎరుగును. పెళ్ళినాడు తిచవోన తన చేత్తో చేసిన మంచం తలవైపు చెక్క మీద రెండు గిన్నెకోళ్ళు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి నేను, ఒకటి ఆయన, ఆయన కోడి అప్పుడు కూడా నోరు విప్పదు చూడమ్మా అని మైదేయి చూపించింది. తన బిడ్డ పడుకున్న మంచాన్ని అతను వారం వారం కోసి తెస్తున్నాడు. తాను వారం వారం దాని మీద వండుకు తింటోంది.

ఆమె అక్కడే బూడిద పక్కన కూలబడింది. ఇన్నాళ్ళూ తిన్న సద్జా నోట్లో చేదెక్కింది. ఏడవలేదు, ఏడ్చేందుకు తీరిక లేదని ఆమెకు తెలుసు. ప్రాణం మీద ఆశ వదులుకున్న మనిషి తన వస్తువులు ఒక్కొక్కటే పంచిపెట్టేస్తాడని ఆమెకు నేర్పారు. ఆ మాట ఆమే ఎందరికో చెప్పింది.

అత్తగారు పిలవకుండా అల్లుడి గది గుమ్మం తొక్కదు. సెకెసాయి తొక్కింది. దారిలో మొదట వడ్రంగి కొట్టు. పలకల మీద దుమ్ము, జిగురు డబ్బాలో జిగురు ఎండి రాయైంది. పక్క కొట్టు వెల్డింగు అతను పలకరించాడు. ఉలులన్నీ తిచవోన తనకే ఇచ్చేశాడనీ, చిత్రికను ఇంకొకడికిచ్చాడనీ, ఎందుకని అడిగితే ఇక పనిలేదన్నాడనీ చెప్పాడు. మంచి మనసయ్యా అన్నాడు. సెకెసాయి అడుగు వేగం పెంచింది.

తిచవోన గది గుమ్మం తెరిచే ఉంది. లోపల మంచం ఉండాల్సిన చోట చాప. గోడకు మైదేయి తలగుడ్డ ఒకటి వేలాడుతోంది. అతను చాప మీద గోడకానుకుని ఉన్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడి, నేలకు ఒదిగి, చేతులు తట్టబోయాడు. చేతులు సరిగ్గా కలవలేదు.

సెకెసాయి లోపలికి పోలేదు. గడప మీద, అతనికి వీపు పెట్టి, వీధివైపు తిరిగి కూర్చుంది. బల్ల మీద అయితే పక్కన కూర్చుని కళ్ళలోకి చూసి అడుగుతుంది. ఇక్కడ కళ్ళు లేవు, పక్క లేదు. వీధిలో ఎవరో నీళ్ళ బిందె దొర్లించుకుపోతున్నారు.

"నాయనా, నీ ముఖం చూసి అత్తగారు అడగకూడని మాట అడుగుతున్నాను. అందుకే వీధిని చూసి అడుగుతున్నాను. నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

వెనక చాప గరగరలాడింది. తర్వాత మెల్లగా అన్నాడు, "అంబూయా, ఆ మాట మీ ఎదుట అనడం అల్లుడికి తగదు."

లేదనలేదు చూశారా. లేదంటే ఆమె అనుమానించేది. తగదన్నాడు, ఆమెకు ఇక అనుమానం మిగల్లేదు.

కాసేపటికి అతనే మళ్ళీ నోరు విప్పాడు. "ఆ సాయంత్రం గుడారంలో మైదేయి నాతో..."

ఇన్ని నెలలుగా అన్నంలో నీళ్ళలో నిద్రలో వెతుక్కుంటున్న మాట అది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అదే వచ్చి ఒళ్ళో పడుతుంది. కానీ ఆ గొంతు ఆమెకు తెలిసిన గొంతు. బరువు దించుకునేవాడి గొంతు కాదు అది, తప్పు ఒప్పుకుని శిక్ష వెయ్యమని నిలబడినవాడి గొంతు. నీళ్ళ చెంబు పక్కన పెట్టి బీరువా మోసుకుపోయిన ఉదయాన్ని అతను ఇన్నాళ్ళుగా నములుతున్నాడు. ఇప్పుడు తల్లికి చెప్పేస్తే ఇక అతనికి ఈ లోకంలో మిగిలిన పని ఉండదు. తానేమో అది వింటూ బల్ల మీది అవ్వలా ఉండగలదా? అవ్వ వింటుంది. తల్లి వింటే, నోటితో ఏమన్నా, ఎందుకు వదిలి వెళ్ళావురా అని ఆమె వీపే అరుస్తుంది. ఆ ఒక్క అరుపు చాలు అతనికి.

"నాకు చెప్పకు" అంది.

గడప మీద ఇంకా గట్టిగా సర్దుకు కూర్చుంది.

"నేను ఆమె తల్లిని. ఆ మాట వినే ఓపిక నాకు లేదు, వినిపించే బాధ నీకు వద్దు. వినగలిగే మనిషిని తెస్తాను. అప్పటిదాకా ఈ గడప మీంచి నేను లేవను. నన్ను దాటి నువ్వు బయటికి పోలేవు, అత్తగారిని దాటి పోయే అల్లుడివి కాదు నువ్వు."

అన్నట్టే లేవలేదు. వాగు అవతలికి పోయే కోంబీ వ్యాను ఆపించి, క్లీనరు చేత కెరెసెంజియకు కబురు పెట్టింది. చిహేరా గడప మీద కూర్చుంది, నువ్వొస్తే గానీ లేవదు అని చెప్పమంది. పక్కింటామె చేత తిచవోన చిన్నాన్నను పిలిపించింది. ఎండ వాలేసరికి కెరెసెంజియ దిగింది, చేతిలో పొడుం డబ్బా, రొప్పుతూ. గడప మీదున్న స్నేహితురాలి ముఖం ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు. ఆమెను దాటి లోపలికి పోయి చాప మీద తిచవోన పక్కన చతికిలబడింది.

"ఏం నాయనా, నేను నీకేమీ కాను. అత్తను కాను, అమ్మను కాను, వాగు అవతలి ముసలిదాన్ని. నా ఎదుట నీకు మర్యాద అక్కర్లేదు. కాస్త జరుగు" అంది.

సెకెసాయి అప్పుడు లేచి, వెనక్కి చూడకుండా నడిచింది. నాలుగిళ్ళు దాటకముందే వెనక ఒక గొంతు పగిలింది. మగవాడి ఏడుపు. ఇన్నాళ్ళూ ఆ గొంతు అంత పెద్దదని ఆమెకు తెలియదు.

మర్నాడు ఆసుపత్రి నర్సమ్మ అతన్ని చూసి, ఇది ఒక్క బల్లతో తీరేది కాదని పెద్దాసుపత్రికి చీటీ ఇచ్చింది. చిన్నాన్న తోడు పోయాడు. నగరం అవతలి కొసన వరసలో పొద్దంతా నిలబడితే డాక్టరు దొరికాడు. మాత్రలిచ్చి, మాత్రలతో పాటు మాట కూడా సాగాలన్నాడట. అయితే మాట ఎక్కడ సాగాలి? పేటలో ఉన్నది ఒకటే బల్ల, దాని మీద అత్తగారు. వాగు అవతలికి వారం వారం పోయే ఓపిక అతనికి లేదు. మాత్రలు అతన్ని మంచు పట్టిన మేకలా మత్తుగా ఉంచేవి.

అప్పుడు ముసలివాళ్ళిద్దరూ బల్లలు మార్చుకున్నారు. శుక్రవారం కెరెసెంజియ వాగు దాటి ఇటు వచ్చేది, సెకెసాయి అటు పోయేది. తన అల్లుడు చేసిన బల్ల మీద, తన చోట, ఇంకొకామె కూర్చుని, తన బిడ్డ చివరి మాట వింటుంది. తాను వాగు అవతల ఎవరో పరాయివాళ్ళ కోడలి ఏడుపు వింటుంది. ఒప్పుకుంది ఆమె. ఒప్పుకోవడం ఒక్కసారి అయ్యే పని కాదు, ప్రతి శుక్రవారం మళ్ళీ మొదటినుంచి ఒప్పుకోవాలి.

పొద్దున్నే ఇద్దరూ వాగు వంతెన మీద ఎదురుపడేవారు. ఒకరు పోతూ, ఒకరు వస్తూ. కాసేపు ఆగి, వంతెన కమ్మీకి ఆనుకునేవారు. కెరెసెంజియ వానల గురించి చెప్పేది, తన కోడలి వంట గురించి చెప్పేది, ఆ కూరకు కుక్క కూడా దండం పెట్టి తప్పుకుపోయిందనేది. ఆ ఒక్కటి మాత్రం చెప్పేది కాదు. సెకెసాయి అడిగేది కాదు. బల్ల మీది మాట బల్ల మీదే ఉండాలి, ఇద్దరూ ప్రమాణం చేసినవాళ్ళే.

ఒక్కసారి మాత్రం సెకెసాయి ఓర్చుకోలేకపోయింది. జకరండా పూలు రాలి వంతెనంతా ఊదారంగు అయిన రోజది. మైదేయికి ఆ పూల మీద నడవడం ఇష్టం, పటపటమని పేలుతాయని. సెకెసాయి కమ్మీ పట్టుకుని, నీళ్ళు చూస్తూ అంది, "కెరే, ఒక్క మాట. పూర్తిగా వద్దు. నా పేరు ఎత్తిందా లేదా, అంతే."

కెరెసెంజియ ఆమె వంక చూడలేదు. సెకెసాయి అరచెయ్యి తీసుకుని తెరిచి, డబ్బాలోంచి పొడుం పోసి, వేళ్ళు మూసింది. ఆ మూసిన చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కెరెసెంజియ అటు నడిచింది, సెకెసాయి ఇటు నడిచింది. పొడుం అలవాటు లేని మనిషి, ఆ రోజు దాన్ని పీల్చి వాగు గట్టు పొడవునా తుమ్ముతూ ఏడ్చింది. చూసినవాళ్ళు పొడుం ఘాటనుకున్నారు.

ఏడాది తిరిగాక, రోగం సద్దుమణిగాక, మైదేయి పేరున జొన్న బీరు కాచారు. ఆనాడు జరగని జాగరణ అప్పుడు జరిగింది. సెకెసాయికి కోడలి వరసయ్యే ఒకామె మైదేయి తలగుడ్డ చుట్టుకుని, ఎడమ కాలు బయటికి విసురుతూ వాకిలంతా నడిచింది. "ఎక్కడ నా మొగుడు, సిమెంటు బస్తా మీద కూర్చున్నాడా?" అని మైదేయి గొంతుతో అరిచింది. జనం పగలబడి నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపులోకి జారిపోయారు. వంశపు అల్లుళ్ళంతా ఇంటి వెనక కట్టెలు కొడుతున్నారు, అది వాళ్ళ పనే కదా. తిచవోన గొడ్డలి అలాగే పట్టుకుని, ఆ మాట విని, నోరు తెరిచి నవ్వాడట, తర్వాత దుంగ మీద కూర్చుని ముఖం కప్పుకున్నాడట.

సెకెసాయి అప్పుడు ఒక తప్పుడు పని చేసింది. వంటింటి గోడ పగుల్లోంచి అల్లుళ్ళు తినే చోటు తొంగిచూసింది. ఏ అత్తగారూ చెయ్యకూడనిది. తిచవోన గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. చాలాసేపు ముట్టుకోలేదు. ఆమె గోడకు గోళ్ళు గుచ్చి నిలబడింది. చివరికి ఒక ముద్ద చిదిమి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. మూడోది తింటాడో లేదో చూసే ధైర్యం చాలక ఆమె కళ్ళు మూసుకుంది.

తర్వాత కూడా అతను కట్టెలు తెచ్చేవాడు. దూరంగా కూర్చుని, తల వంచి, చేతులు తట్టి, తినే వచ్చానమ్మా అనేవాడు. అది మర్యాదో జబ్బో ముఖం చూసి చెప్పలేదు ఆమె, చెప్పలేనని ఆమెకు తెలిసొచ్చింది. అందుకని అతను వెళ్ళాక మోపు విప్పి, ఒక్కో కట్టెనూ తిప్పి చూసుకునేది. పెచ్చులు లేచిన ముక్కలు, ముడులున్న ముక్కలు, రంపపు పొడి అంటిన వంకర ముక్కలు ఉంటే కొట్టు నడుస్తోందని అర్థం. కొన్ని వారాలు తయారైన సామానును కోసిన నునుపు ముక్క ఒకటి కనిపించేది. ఆ రోజు పొయ్యి ఆర్పి, అతని చిన్నాన్నకు కబురు పంపేది. అలా జబ్బు కొన్నాళ్ళు వెనక్కి పోతూ, కొన్నాళ్ళు ముందుకొస్తూనే ఉంది. అతను బతికే ఉన్నాడు. అంతకు మించి చెప్పడానికి లేదు.

గిన్నెకోడి చెక్కను ఆమె కాల్చలేదు. రెండో కోడి ఏ వారం పొయ్యిలో బూడిదైందో ఆమెకు తెలియదు. మిగిలింది మాట్లాడేదో, నోరు విప్పనిదో కూడా తెలియదు. మైదేయి గుడారంలో ఏమందో సెకెసాయి వినకుండానే పోయింది. ఆ తర్వాత ఏడాదికే కెరెసెంజియా పోయింది, నోరు విప్పకుండానే. నన్నడక్కండి, నాకూ తెలియదు.

ఇక లేవండి, పొయ్యి ఆరుతోంది. కానీ ఇళ్ళకు పోయాక ఈ కథ మీలోనే దాచుకోకండి. మన పేటలో ఇప్పటికీ ఒకటే బల్ల ఉందనీ, రెండోది కావాలనీ ఆసుపత్రివాళ్ళు వింటున్నప్పుడు చెప్పండి. మీ ఇంటికి ఎవరైనా వచ్చి తల వంచుకుని, పెట్టింది తినకుండా, ఏమీ లేదమ్మా అని లేచిపోతే, ఎంత మంచివాడో అని మురిసేముందు ఈ అల్లుణ్ణి తలుచుకోండి. తలుచుకుని, పక్కనున్నవాళ్ళకు చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పక్కర్లేదు. గిన్నెకోడిని మాత్రం మరవకండి.